ఎముకకు ఒక చూపు, కండకు ఒక చూపు

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సాయంకాలము డెబ్బది యేండ్లు దాటిన అవ్వను ఆమె మనుమడు మా ఎక్స్-రే విభాగమునకు తీసికొని వచ్చెను. దొడ్డిలో నీళ్లు పోసుకొను బండ వద్ద ఆమె కాలు జారి ప్రక్కకు పడినది. గజ్జలో నొప్పి అనుచుండెను. కుడికాలు నేలను మోపనిచ్చుట లేదు. తుంటి విరిగినచో కాలు కురుచయై, పాదము వెలుపలికి తిరిగిపోవుట సామాన్యము. ఆమె కాలు అట్లు లేదు. ఎదుటినుండి యొకటి, ప్రక్కనుండి యొకటి చిత్రములు తీసితిమి. ఒకరికి ఇద్దరము చూచితిమి. ఎముక అంచు ఎచ్చటను తెగినట్లు లేదు. "విరిగిన జాడ కనబడలేదు" అని వ్రాసి పంపితిమి. ఆ కాగితమును చదివించుకొని మనుమడు, "ఏమీ లేదన్నారు అమ్మమ్మా, ఊరికే బెంగపెట్టుకున్నావు" అని ఆమెను ఆటోలో కూర్చుండబెట్టెను.

ఆరవనాడు అతడే ఆమెను నులకమంచముపై మోయించుకొని వచ్చెను. తెల్లవారుజామున గోడ పట్టుకొని లేవబోగా లోపల ఏదో టక్కుమన్నదట. ఈసారి తీసిన చిత్రమును పసిపిల్లవాడు చూచినను చెప్పగలడు: తొడ ఎముక తల ఒకచోట, మొండెము ఒకచోట. మొదటినాడే తెలిసియున్నచో రెండు మూడు మరలతో బిగించి ఆమె యెముకనే నిలుపుకొని యుండవచ్చును. ఇప్పుడు తలకు నెత్తురు తెచ్చు సన్నని నాళములు కూడ తెగినవి. దానిని తీసివేసి లోహపు తల నమర్చవలసి వచ్చినది.

మేము వ్రాసినది "కనబడలేదు" అని. ఇంటికి చేరినది "లేదు" అని. ఈ రెండు మాటలకు నడుమ ఎంత దూరమున్నదో ఆ కుటుంబమునకు చెప్పవలసినవారము మేము, చెప్పలేదు. శరీరము లోపలి భాగములను చూచుటకు నేడు నాలుగైదు విధములైన యంత్రములున్నవి. ఏది దేనిని చూడగలదు, ఏది దేనికి గ్రుడ్డిది అను సంగతి వైద్యులకు మాత్రమే తెలిసిన చాలదని ఆనాటినుండి మాకు తోచుచున్నది.

ఎక్స్-రే తోనే మొదలు పెట్టుదము. 1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వుర్జుబర్గు నగరములో రాంట్జెన్ అను ఆచార్యుడు చీకటిగదిలో విద్యుత్ ప్రయోగము చేయుచు ఈ కిరణములను కనుగొనెను. అదే సంవత్సరము డిసెంబరులో తన భార్య చేతిని పలకపై పెట్టించి చిత్రము తీసెను. వ్రేళ్ల యెముకలు, ఒక వ్రేలికి ఉంగరము ఆ చిత్రములో స్పష్టముగా నున్నవి. చేతి కండ మాత్రము పొగవలె నున్నది. ఈ కొత్త విద్య యొక్క బలమును, బలహీనతయు ఆ మొదటి చిత్రములోనే ఉన్నవి.

ఎక్స్-రే చిత్రము ఒక నీడ. కిరణములు శరీరమునుండి దూసికొని పోవునప్పుడు బరువైన పరమాణువులు వానిని అడ్డగించును. ఎముకలో సున్నపు పాలు ఎక్కువ. కాల్షియము పరమాణు సంఖ్య 20. కండలోను, నెత్తురులోను ఉన్నవి ముఖ్యముగా హైడ్రోజను, కార్బను, ఆక్సిజను. వాని సంఖ్యలు 1, 6, 8. అందుచేత ఎముక నీడ దట్టముగా పడును. చిత్రములో అది తెల్లగా కనబడును. గాలి నల్లన, కొవ్వు కొంత బూడిదరంగు, నీటితో నిండిన భాగములన్నియు మరికొంత లేతరంగు, ఎముక తెలుపు, లోహము మరింత తెలుపు. అంతే. ఈ అయిదు రంగులకు మించి ఎక్స్-రేకు భాష లేదు. కండరము, కండరమును ఎముకకు బిగించు స్నాయువు, ఎముకను ఎముకకు కట్టు సంధిబంధనము, నరము, గూడుకట్టిన నెత్తురు, ఇవన్నియు ఆ భాషలో ఒక్కటే మాట: నీరు. మోకాటిలో బంధనము పుటుక్కున తెగినను ఎక్స్-రే దానిని చూడదు. చూడలేదు కూడ.

మరి ఎముక పగులునైనను అన్నివేళల చూచునా యనిన, అదియు లేదు. నీడ యన్నది ముందువెనుకల నున్నవన్నియు ఒకదానిపై ఒకటి పడి ఏర్పడునది. వెండ్రుకవాసి బీట కిరణము పోవు దారికి సరిగా ఎదురైనచో గీతవలె కనబడును. కొంచెము వాలుగా నున్నచో మిగిలిన యెముక నీడలో కలిసిపోవును. ముసలితనమున ఎముక గుల్లబారి దాని నీడయే పలుచబడును. పలుచని నీడలో సన్నని బీటను వెదకుట మరింత కష్టము. మా అవ్వ విషయములో జరిగినది ఇదియే. మణికట్టులో బొటనవ్రేలి మొదట నుండు పడవ ఆకారపు చిన్న యెముక కూడ ఇట్టిదే. చేయి నేలకానించి పడినవానికి అచ్చట నొక్కిన నొప్పి యున్నచో, మొదటి చిత్రము బాగున్నను, విరిగినదనియే భావించి కట్టు వేసి, పది పదునాలుగు దినముల తరువాత మరల చిత్రము తీయుట వైద్యుల ఆచారము. అప్పటికి బీట యంచులు కొంత కరిగి గీత వెడల్పగును. ఆ ఎముకకు నెత్తురు ఒకవైపునుండియే వచ్చును గనుక, అశ్రద్ధ చేసినచో అది అతుకకపోవచ్చును.

నీడలు ఒకదానిపై ఒకటి పడకుండ చూచు ఉపాయమును ఇంగ్లండులో హౌన్స్‌ఫీల్డు కనుగొనెను. ఆయన వైద్యుడు కాడు, ఇంజనీరు. ఆయన పనిచేసినది గ్రామఫోను రికార్డుల మూలముగా మన యిండ్లలో పేరు వినబడిన ఇ.ఎం.ఐ. కంపెనీలో. 1971 అక్టోబరు 1వ తేదీన వింబుల్డనులోని ఆసుపత్రిలో మొదటి రోగి తలను ఆ యంత్రము చూచినది. ఎక్స్-రే గొట్టమును శరీరము చుట్టును త్రిప్పుచు, అన్ని దిక్కులనుండి వచ్చిన నీడల లెక్కలను కంప్యూటరు కట్టి, దోసకాయను చక్రములుగా తరిగినట్లు శరీరమును అడ్డముగా కోసి చూపును. దీనినే సి.టి. స్కాను అందురు. ఈ గణితమును అంతకు ముందే వేరుగా సాధించిన కార్మాక్‌తో కలిపి 1979లో హౌన్స్‌ఫీల్డునకు నోబెలు బహుమానము లభించినది.

సి.టి.కి ఎక్స్-రే కంటె భాష ఎక్కువ. నీటిని సున్న యని, గాలిని మైనసు వేయి యని కొలత పెట్టుకొన్నారు. కొవ్వు మైనసు నూరు ప్రాంతమున, కండ నలువది మొదలు అరువది వరకు, గట్టి యెముక వేయికి పైన నుండును. అందుచేత తలలో క్రొత్తగా చిమ్మిన నెత్తురు దీనికి వెంటనే తెలియును. అయినను దీని ప్రతిభ యంతయు ఎముక దగ్గరనే. మోకాలు, మడమ, కటివలయము, వెన్నుపూసలు నాలుగైదు ముక్కలైనప్పుడు ఏ ముక్క ఎటు తిరిగినదో, కీలు లోపలి మెట్ట ఎంత కుంగినదో శస్త్రవైద్యునకు చెప్పగలిగినది సి.టి. ఒక్కటియే. నరములను, బంధనములను, మృదులాస్థిని విడదీసి చూపవలసివచ్చినపుడు మాత్రము ఇదియు తడబడును. ఎంతైనను ఇది కూడ ఎక్స్-రే కడుపున పుట్టినదే.

ఇక ఎం.ఆర్.ఐ. ఇది వేరు వంశము. దీనికి ఎక్స్-రేతో సంబంధము లేదు. సంబంధమున్నచో అది రేడియోతో. శరీరములో ఎక్కువ భాగము నీరు. ఆ నీటిలోను, కొవ్వులోను లెక్కకు మిక్కిలి హైడ్రోజను పరమాణువులు. ఒక్కొక్క దాని కేంద్రకము చిన్న అయస్కాంతపు సూదివంటిది. రోగిని గొప్ప అయస్కాంతములో పరుండబెట్టుదుము. సామాన్యముగా దాని బలము ఒకటిన్నర టెస్లా. భూమి యయస్కాంత బలమునకు ఇది సుమారు ముప్పదివేల రెట్లు. ఆ బలమునకు లోబడి కేంద్రకములు బొంగరములవలె ఒక నియమిత వేగమున తిరుగును. అదే వేగముగల రేడియో తరంగమును పంపినచో అవి శక్తిని గ్రహించి, తరువాత తామే సన్నగా బదులు పలుకును. ఒకటిన్నర టెస్లా యంత్రములో ఆ వేగము సెకనుకు సుమారు 6 కోట్ల 40 లక్షల కంపనములు. మూడు టెస్లా యంత్రములో దానికి రెట్టింపు. మన ఎఫ్.ఎం. ప్రసారములు, 88 మొదలు 108 మెగాహెర్ట్జుల వరకు, సరిగా ఈ రెంటి నడుమ నున్నవి. అందుచేతనే ఆ గది గోడలలో రాగిరేకు పొదిగించి బయటి ప్రసారములు లోనికి రాకుండ చేయుదురు. లేనిచో రోగి మోకాటి చిత్రముపై పాటకచేరీ వచ్చి గీతలు గీయును.

1973లో లాటర్‌బర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు నీటితో నింపిన చిన్న గొట్టముల చిత్రమును ఈ విధముగా ప్రకటించెను. ఇంగ్లండులోని మాన్స్‌ఫీల్డు దానిని వేగవంతము చేసెను. ఇరువురకు 2003లో నోబెలు బహుమానము వచ్చినది.

క్రొత్తగా చూచువారికి ఈ చిత్రములో ఒక వింత కలదు. ఎక్స్-రేలో మెరిసిపోవు గట్టి యెముక ఇందులో నల్లని గీత. దానిలో కదలాడు నీరు లేదు గనుక అది పలుకదు. కాని ఎముక లోపలి మూలుగలో కొవ్వున్నది, అది వెలుగును. ఎముక చిట్లినచో మూలుగలో నెత్తురు, నీరు ఊరును. కొవ్వు వెలుగును అణచి నీటి వెలుగును మాత్రము మిగుల్చు పద్ధతి యొకటి కలదు. అట్లు చూచినచో బీట పొడవునను దీపపు వత్తి అంటించినట్లు కనబడును. గట్టి యెముకను చూడలేని యంత్రము, ఎక్స్-రేకు దొరకని పగులును పట్టియిచ్చుట ఇట్లు. పడిపోయి తుంటి నొప్పితో నిలువలేకున్న వృద్ధునకు ఎక్స్-రేలో ఏమియు కనబడనప్పుడు వెంటనే ఎం.ఆర్.ఐ., అది దొరకని చోట సి.టి. చేయవలెనని నేటి వైద్యనియమము. ఆ అవ్వకు మేము చేయింపవలసినది అదియే.

కబాడీ ఆడు కుఱ్ఱవాండ్ర మోకాళ్లను గూర్చియు రెండు మాటలు చెప్పవలెను. కూతకు పోయినవాని పాదము నేలలో దిగబడి, పైనున్నవారు పట్టి త్రిప్పగా మోకాటిలో పుటుక్కుమనును, గంటలో వాచును. ఎక్స్-రే తీయుదురు. ఎముక బాగున్నదందురు. నెలదినములలో వాపు తీయును, నడుచును, మరల ఆటకు దిగును. మోకాలు మడతపడి పడిపోవును. లోపల అడ్డముగా నుండు బంధనము తెగియున్నది, దానితో అర్ధచంద్రాకారపు మృదులాస్థి కూడ చిరిగినది. ఇటువంటి మోకాటితో రెండేండ్లు ఆడి వచ్చినవారిని చూచితిమి. వారి ఎక్స్-రేలు ఏవియు అబద్ధము చెప్పలేదు; అడిగినదానికి బదులు చెప్పినవి. ఎముకను గూర్చి అడిగిరి, ఎముక బాగున్నది.

నాలుగవది అల్ట్రాసౌండు. మనవారు స్కానింగు అన్నచో ఎక్కువగా దీనినే తలంతురు. చెవికి వినబడని శబ్దమును చర్మముపైనుండి పంపి, ప్రతిధ్వనిని విని బొమ్మ గీయుట దీని పని. నూతిలోనికి కేక వేసి లోతు నూహించినట్లే. మెత్తని భాగములలో శబ్దము సెకనుకు సుమారు 1540 మీటర్లు పోవును. ఎముక తగిలినంతనే చాలవరకు వెనుకకు మళ్లును. కనుక ఎముక వెనుక ఏమున్నదో దీనికి తెలియదు. కాని ఎముక పైనున్న స్నాయువులు, కండరములు, నీరు నిండిన గడ్డలు దీనికి చక్కగా తెలియును. ఇంకొక సుగుణము: రోగిని కదలుమని చెప్పి, కదలుచుండగా చూడవచ్చును. భుజము పైకెత్తినపుడు ఎచ్చట ఒరిసికొనుచున్నదో మరే యంత్రమును ఇంత సులువుగా చూపదు. పసిబిడ్డల తుంటికి ఇది వరము. పుట్టిన కొన్ని మాసముల వరకు తొడ ఎముక తల మృదులాస్థియే గాని ఎముక కాదు. ఎక్స్-రేలో అది కానరాదు. గిన్నెలో తల సరిగా కూర్చున్నదో లేదో అల్ట్రాసౌండు చెప్పును. ఆ వయస్సున తెలిసినచో మెత్తని పట్టీతో సరియగు దోషము, నడక వచ్చినపిమ్మట తెలిసినచో కత్తి కోరును.

అల్ట్రాసౌండు గది బయట "ఇచ్చట లింగనిర్ధారణ చేయబడదు" అను పలక మీరు చూచియుందురు. 1994 నాటి చట్టము దానిని నిషేధించినది. యంత్రము తనకు కనబడినది చూపును. చూపింపరానిది చూపుమని అడుగుట మనుష్యుల పని. అది వేరు ప్రసంగము.

ఇంతవరకు కనబడని వానిని గూర్చి చెప్పితిమి. కనబడిన దంతయు రోగము కాదని చెప్పుట అంతకంటె కష్టము, ఎందుచేత ననగా వినువారు నమ్మరు. నడుము నొప్పితో వచ్చువారిలో పలువురు తామే ఎం.ఆర్.ఐ. తీయించుకొని, ఆ పెద్ద సంచి చంక బెట్టుకొని వత్తురు. కాగితముపై "డిస్కు ఉబ్బినది" అని యుండును. అప్పు చేసి తీయించుకొన్నదానిలో అట్టి మాట కనబడిన తరువాత ఆ మనుష్యుడు బరువు ఎత్తుట మానును, పొలము మానును, కొందరు వంగుటయే మానుదురు. నొప్పి యేమియు లేని మూడువేలకు పైగా జనుల వెన్నెముక చిత్రములను గూర్చిన పరిశోధనలను ఒకచోట చేర్చి 2015లో ప్రకటించిరి. ఇరువది యేండ్లవారిలోనే నూటికి 30 మందికి డిస్కు ఉబ్బు కనబడినది. ఎనుబది యేండ్లవారిలో 84 మందికి. తల నెరసినట్లే డిస్కును నెరయును. అందుచేత నడుము నొప్పి మొదలైన ఆరు వారములలో, వేరు చిహ్నములు లేనప్పుడు, చిత్రమే అక్కరలేదు. చిహ్నము లెవ్వి యనగా: కాళ్లలో బలము తగ్గుట, మలమూత్రములపై పట్టు తప్పుట, కూర్చుండు చోట స్పర్శ పోవుట, జ్వరము, కారణము లేక చిక్కిపోవుట, ఇదివరలో క్యాన్సరు వచ్చియుండుట, గట్టిగా పడిపోవుట. వీనిలో ఒకటి యున్నను ఆలస్యము తగదు. మలమూత్రముల పట్టు తప్పినచో ఆ దినముననే చూపించుకొనవలెను.

మా ప్రాంతపు వ్యాధి యొకదానిలో ఈ యంత్రములు ఒకదాని చేతినుండి మరొకటి పని నందుకొనుట చూడవచ్చును. నీటిలో ఫ్లోరైడు అధికమైనచో వచ్చు ఎముకల వ్యాధిని మన దేశములో మొదట వివరించినది 1937లో, నాటి మద్రాసు రాష్ట్రములోని నెల్లూరు జిల్లా పల్లెలలో షార్టు అను వైద్యుడును ఆయన సహచరులును. నల్లగొండ జిల్లాలోని ఈ వ్యాధిని గూర్చి సిద్దీఖీ అను వైద్యుడు 1955లో బ్రిటిషు వైద్యపత్రికలో వ్రాసెను. ఈ రోగి ముంజేతికి ఒక్క ఎక్స్-రే తీసిన చాలును: ఎముకలు సుద్దవలె తెల్లబడి, ముంజేతిలోని రెండెముకల నడుమ నుండు పలుచని పొర సున్నము పట్టి ముండ్లవలె పొడుచుకొని వచ్చును. ఆ ఊరి నీరు పరీక్షింపవలెనని చెప్పుటకు అంతకంటె సాక్ష్యము వలదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మితి.

కాని ఆ ఊరివాడు ఒకడు వచ్చి, "కాళ్లు నా మాట వినుట లేదు" అన్నప్పుడు ఎక్స్-రే అక్కడితో ఆగిపోవును. వెన్నెముక అంతయు ఒకే తెల్లని కంబమై నిలుచును. ఆ తెలుపు వెనుక ఏమి జరుగుచున్నదో తెలియదు. సి.టి.లో అడ్డకోత చూచినచో వెన్నుపూసల లోపలి బంధనములు ఎముకగా మారి, వెన్నుపాము పోవు దారిని ఎంత ఇరుకు చేసినవో కొలువవచ్చును. ఆ ఇరుకులో వెన్నుపాము నలిగినదా, నలిగి లోపల చెడినదా యను సంగతి చెప్పునది ఎం.ఆర్.ఐ. శస్త్రచికిత్సచే దారి వెడల్పు చేసిన కొందరు లేచి నడచిరి. వెన్నుపాము చెడిపోవునంతవరకు ఆగి వచ్చినవారికి అంత మేలు కలుగలేదు. ఊరికి ఎక్స్-రే చాలినది. ఆ ఒక్క మనిషికి చాలలేదు.

అపాయములను గూర్చి క్లుప్తముగా చెప్పుదుము. ఒక ఛాతీ ఎక్స్-రేలో అందు కిరణము, ప్రకృతినుండి మనకు కొన్ని దినములలో తనంతట అందునంతయే. కడుపునకు తీయు సి.టి.లో దానికి ఎన్నో పదుల రెట్లు, మూడు నాలుగేండ్లలో ప్రకృతి ఇచ్చునంత. అవసరమైనచో భయపడనక్కరలేదు, అవసరము లేనిచో, అందును పిల్లలకు, వలదు. గర్భవతులు ముందుగా చెప్పవలెను. ఎం.ఆర్.ఐ.లో కిరణభయము లేదు గాని అయస్కాంతము ఎల్లవేళల పనిచేయుచునే యుండును. రోగి లేనప్పుడు ఆరిపోవునదికాదు. 2018 జనవరిలో ముంబయిలో ఆక్సిజను సిలిండరు పట్టుకొని ఆ గదిలోనికి పోయిన రోగి బంధువును అది లాగి వేయగా అతడు మరణించెను. గుండెకు యంత్రము అమర్చుకొన్నవారు, కంటిలో ఇనుపరజను పడినవారు, శరీరములో ఏ లోహమున్నను, అడుగకముందే చెప్పవలెను.

పాత చిత్రములను పారవేయకుడు. మడతపెట్టకుడు, చూరులో చెక్కకుడు. క్రొత్త చిత్రమునకు పాతచిత్రము కంటె మంచి జోడు లేదు.

ఇప్పుడు మా విభాగములో "విరిగిన జాడ కనబడలేదు" అను మాట తరువాత మరియొక వాక్యము చేర్చుచున్నాము: "నొప్పి తగ్గనిచో, కాలు మోపలేకున్నచో, పగులు దాగియుండవచ్చును, మరల రండు, నడువనీయకుడు." తెలుగులోనే వ్రాయుచున్నాము. దానిని తీసికొనిపోవువారికి చదివి వినిపించుచున్నాము కూడ. ఒక నిమిషము పట్టును.

ఆ అవ్వ చేతికర్రతో ఇల్లు వాకిలి తిరుగుచున్నదని తరువాత మనుమడు చెప్పెను. ఆమె చిత్రములు రెండును మా బీరువాలో ఉన్నవి. క్రొత్తగా చేరిన విద్యార్థులకు మొదటిదానిని వెలుగుపెట్టెపై ఉంచి, ఎచ్చట విరిగినదో చూపుమందుము. వారు చాలసేపు చూతురు.